అడగకుండా చేసిన మంచి

'అనుమతి లేని కట్టడం' అనే మాట పట్నాల్లో మున్సిపాలిటీ వాళ్లు వాడేది. ఏజెన్సీలో అలాంటి మాటలు చాలాకాలం మన మీదే పడ్డాయి. తాతల నాటి నుంచి కొట్టుకుంటున్న పోడును ఆక్రమణ అన్నారు, వేసుకున్న పాకను అక్రమం అన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే, అడవిలో బతికేవాళ్ల హక్కులు గుర్తించకపోవడం చారిత్రక అన్యాయమని ఒప్పుకుంది. అందుకే అనుమతి అన్న మాట వింటే మనకు కోపం రావడం సహజం. ఎవరి అనుమతి, ఎవరి భూమి మీద అని ఎదురు అడగడం నేర్చుకున్నాం. ఆ ప్రశ్నను బయటివాళ్లను అడిగినంత గట్టిగా మనల్ని మనం అడుగుతున్నామా? మేము ఇక్కడ మాట్లాడదలచుకున్నది అదే.

నియమగిరి సంగతి మన పిల్లలకు బాగా తెలుసు. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 2013లో ఒడిశాలోని ఆ కొండల మీద 12 గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ గని వద్దని పన్నెండు సభలూ చెప్పాయి. ఈ కథ చెప్పేటప్పుడు మన గొంతులో గర్వం ఉంటుంది, ఉండాలి కూడా. అయితే ఆ సభలు నిలబడ్డ న్యాయం ఏమిటి? అందరిదైన చోటును అందరినీ అడగకుండా మార్చకూడదు, అంతే కదా. వచ్చినవాడు పెద్ద కంపెనీ అయితేనే ఇది వర్తిస్తుందని, మన తమ్ముడు చేస్తే వర్తించదని అందులో ఎక్కడా లేదు.

కోయ గూడేల్లో తిరిగేవాళ్లకు ఈ దృశ్యం తెలిసిందే. ఊరి నడుమ చింతచెట్టు. దాని కింద చదునైన మట్టి నేల. భూమి పండుగకు డోలు మోగేది అక్కడే, రేల పాడుతూ అడుగులు వేసేది అక్కడే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆడవాళ్లు పేడతో అలికి ఇప్పపువ్వు ఆరబోసుకునేదీ అక్కడే. యూత్ కుర్రాళ్లకు ఒక నాయకుడు సిమెంటు ఇప్పిస్తాడు. నాలుగు రోజుల్లో చెట్టు చుట్టూ మూడడుగుల ఎత్తు అరుగు లేస్తుంది. పిల్లలు మనసుపెట్టి చేస్తారు, ఎవరూ రూపాయి తినరు. వానాకాలం ముసలివాళ్లు బురదలో కూర్చోనక్కర్లేదు. ఇందులో తప్పేముంది?

మేము చూసిన ఒక ఊళ్లో తర్వాత జరిగింది చెబుతాం. అరుగు వచ్చాక ఇప్పపువ్వుకు నేల చాలలేదు. అది చిన్న సంగతే, ఎవరి వాకిట్లో వాళ్లు ఆరబోసుకున్నారు. మెల్లగా బయటపడిన సంగతి ఇంకొకటి ఉంది. మట్టి మీద కూర్చున్నంత కాలం పెద్దకాపు, పూజారి, కోడలు, కూలి అందరూ ఒకే ఎత్తులో ఉండేవాళ్లు. ఆడవాళ్లు ఒక పక్కగా కూర్చున్నా వాళ్ల మాట వినబడేది. అరుగు లేచాక మగవాళ్లు పైన, ఆడవాళ్లు కింద నిలబడి. మామల ఎదుట కోడళ్లు అరుగెక్కరు కదా. ఎవరూ అనుకోకుండానే పంచాయితీ రూపు మారిపోయింది. ఆరు నెలలు తిరక్కుండానే అరుగు మూలన ఒక బడ్డీ వెలిసింది. పేరుకు మన కుర్రాడిది, సరుకూ పెట్టుబడీ బయటి వ్యాపారివి. 1/70 ఉన్నచోట ఇలాంటి పేర్లు ఎలా పుడతాయో ఏజెన్సీలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. తీసేయమని పెద్దలు అంటే ఆ కుర్రాడు ఒకే మాట అన్నాడు: "అరుగు కట్టినప్పుడు ఎవరిని అడిగారు?" జవాబు చెప్పగలిగినవాళ్లు లేరు.

అడగకుండా చేసిన మంచి తెచ్చే నష్టం ఇదే. తర్వాత అడగకుండా జరిగే చెడును ఆపే నోరు ఊరికి లేకుండా పోతుంది.

యువకుల వాదనను మేము తోసిపుచ్చడం లేదు. "పెద్దల్ని అడిగితే ఏదీ జరగదు, పదేళ్లు కూర్చోబెడతారు" అంటారు. కొన్ని ఊళ్లలో అది నిజమే. పెద్దరికం పేరుతో ఒకరిద్దరు ఊరంతటి నోరూ మూయించడం మనకు కొత్త కాదు, దాన్ని ఆచారమని పొగడాల్సిన పనీ లేదు. అయితే అడగడం అంటే పెద్దల చేతికి తాళం ఇవ్వడం కాదు. అందరి ముందు చెప్పడం, వద్దన్నవాళ్ల కారణం వినడం, ఆ కారణానికి జవాబివ్వడం. అరుగు సంగతి ముందే నలుగురిలో పడి ఉంటే ఏ ముసలమ్మో ఒక జానెడు ఎత్తు చాలని చెప్పేది.

ప్రతిదానికీ సభ పెట్టాలా? అక్కర్లేదు. ఊటలో పూడిక తీసినవాణ్ణి, వాగు మీద దుంగ వేసినవాణ్ణి ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. పెళ్లికి వేసిన పందిరి మర్నాడు విప్పేస్తారు. మాకు తోచిన గీత ఇది: రేపు వద్దనుకుంటే తీసేయగలిగింది, మరొకరి వాడకాన్ని మూసేయనిది ఎవరైనా చేయవచ్చు. తీయడానికి గునపం కావాల్సినదానికి, ఒకరి దారినో నీడనో ఆరబోసుకునే నేలనో మింగేదానికి ముందు అడగాలి. గీత ప్రతిచోటా ఇంత సూటిగా ఉండదు. బోరు చుట్టూ కాంక్రీటు గీతకు ఏ వైపు వస్తుందో మేమూ తేల్చుకోలేదు.

చట్టమూ మంచి పనికి మినహాయింపు ఇవ్వలేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం బడి, అంగన్‌వాడీ, రోడ్డు, తాగునీటి పైపు వంటి 13 రకాల పనులకు ప్రభుత్వం అటవీ భూమి వాడుకోవచ్చు. ఒక్కో పనికి హెక్టారు కంటే తక్కువే, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. బడి కట్టే సర్కారే ఊరిని అడగాలన్నప్పుడు అరుగు కట్టే కుర్రాళ్లు అడగనక్కర్లేదనడం కుదరదు. 1996 పెసా చట్టం ఉమ్మడి వనరులను కాపాడే సామర్థ్యం గ్రామసభకు ఉందని చెప్పింది. ఆ కాపాడటం మన నుంచి కూడా.

సభ అంటే రిజిస్టరు కాదని మళ్లీ చెప్పుకోవాలి. ఇంటింటికీ తిప్పి వేయించుకున్న వేలిముద్రలు సమ్మతి కావు. అటవీ హక్కుల సభకు సభ్యుల్లో సగం మంది, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలని నిబంధన ఉంది. సగం గూడెం మిరప కోతలకు వెళ్లిన నెలలో సభ పెడితే ఆ లెక్క ఎలా నిండుతుంది? ఉపాధ్యాయ మిత్రులు ఒక పని చేయవచ్చు. పిల్లల చేత ఊరి పటం గీయించి, ఎవరి పేరా లేని చోట్లకు రంగు వేయించండి. ఆ రంగు ఎంత వేగంగా తగ్గుతోందో పిల్లలే చెబుతారు.

మాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటి మిగిలింది. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం కాలపు హింస నుంచి తప్పుకుని వచ్చిన గొత్తికోయలు మన అడవుల్లో పాకలు వేసుకున్నారు. అటవీ సిబ్బంది వాటిని కూల్చినప్పుడు మన ఊళ్లలో కొందరు బాధపడ్డారు, కొందరు లోలోపల ఊపిరి పీల్చుకున్నారు. వాళ్లూ అడగలేదు. కానీ ప్రాణం కోసం పరిగెత్తేవాడు ఏ చెట్టు కింద ఆగి ఎవరిని అడగాలి? బడ్డీ పెట్టినవాడి 'అడగకపోవడం', వీళ్ల 'అడగకపోవడం' ఒకటి కావని మేమంతా ఒప్పుకుంటాం. అక్కడి నుంచి ముందుకు మా మధ్య ఒక్క మాట లేదు. తలదాచుకోనిచ్చిన ఊరు వాళ్లను సభలోనూ కూర్చోబెట్టాలి, అదే వాగు నీళ్లు తాగుతున్నారు కదా అని కొందరం అంటాం. ఉన్న పోడుకే పట్టాలు రాని ఊరు ఇంకొకరికి చోటెక్కడ చూపిస్తుందని మిగతావాళ్లు అడుగుతారు. ఇది కొట్టివేయదగ్గ ప్రశ్న కాదు. ఈ మాట కూడా రాసేవాళ్ల మధ్య తేలేది కాదు, ఆ ఊళ్లలో, ఇద్దరూ ఎదురెదురుగా నేల మీద కూర్చున్నప్పుడు తేలాలి.