వెనక బెంచీలో కూర్చున్న అమ్ములుకి

వెస్ట్ మారేడ్‌పల్లి,
సికింద్రాబాద్.

అమ్ములూ,

నీ మెయిలు మీ నాన్న ఫోన్లో చదివి వినిపించాడు. నాకు తనివి తీరక నేనూ ఇంకోసారి చదువుకున్నాను. ఫిన్లాండ్‌లో మీ యువస్కులా ఊరి చలి, మధ్యాహ్నానికే దిగిపోయే చీకటి, అన్నీ బాగానే రాశావు. నా మనసు మాత్రం ఒక్క వాక్యం దగ్గరే ఆగింది: “పాఠం చెప్పనివ్వకుండా వెనక బెంచీలో కూర్చోబెట్టారత్తా, ఇందుకేనా ఇంతదూరం వచ్చింది?”

అందుకేనమ్మా వెళ్లింది.

నువ్వు బయల్దేరిన రోజు చుట్టాలందరూ కలిసి నీకు వివేకానందుణ్ణి అంటగట్టారు. 1893 ఫిబ్రవరి 13న ఆయన మన మహబూబ్ కాలేజీలో నిలబడి, పడమటి దేశాలకు తానెందుకు వెళ్లాలనుకుంటున్నాడో ఇంగ్లీషులో ఉపన్యాసమిచ్చాడు. అప్పటికింకా ఓడ ఎక్కలేదు. మే 31న గానీ బొంబాయి వదల్లేదు. ఆ కాలేజీ ముందునుంచి ఆటోలో పోతున్నప్పుడల్లా నాకూ గర్వంగానే ఉంటుంది. అయితే ఆయన వెళ్లింది చెప్పడానికి. నువ్వింకా ఛాత్రోపాధ్యాయినివి, నేర్చుకోవడానికి వెళ్లావు. “దేశం పరువు నీ చేతుల్లో ఉంది” అని మీ బాబాయి అన్నాడు చూడు, ఆ మాట మర్చిపో. ఆ బరువుతో క్లాసులోకి అడుగుపెడితే, నేనెలా కనిపిస్తున్నానన్న ధ్యాసే తప్ప పిల్లలు కంటికి ఆనరు.

నువ్వున్నది మామూలు ఊరు కాదు. ఫిన్నిష్ భాషలో ఉపాధ్యాయుల్ని తయారుచేసే మొట్టమొదటి శిక్షణాలయాన్ని 1863లో ఊనో సిగ్నేయస్ అక్కడే మొదలుపెట్టాడు. మన మహబూబ్ కాలేజీ అంతకు ఏడాది ముందుది. ఇప్పుడు అక్కడ చిన్న క్లాసుల టీచరు కావాలన్నా మాస్టర్స్ డిగ్రీ ఉండాల్సిందే. ఆ తర్వాత మాత్రం టీచర్ని నమ్మి వదిలేస్తారు. బడుల తనిఖీలను 1990ల మొదట్లోనే ఎత్తేశారు. ఇన్‌స్పెక్టర్ లేకుండా బడి నడుస్తుందా అని ముక్కున వేలేసుకునేవాళ్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన రచయిత చలమే పిల్లల్ని స్వేచ్ఛగా పెంచమంటూ “బిడ్డల శిక్షణ” రాశాడని వాళ్లకు చెప్పి చూశాను, వినలేదు. అక్కడ టీచరు మీద అంత నమ్మకం ఊరికే రాలేదు. ముందు చూడ్డం నేర్పి, తర్వాతే చాక్‌పీసు చేతికిస్తారు.

కాబట్టి చూడు. చెయ్యెత్తిన పిల్లవాణ్ణి ఎవరైనా చూస్తారు. ఎత్తబోయి మళ్లీ దించేసినవాడు ఎవడో నువ్వు కనిపెట్టు. టీచరు వాడి దగ్గరికి ఎప్పుడు వెళ్లింది, అందరిముందూ అడిగిందా, పక్కన కూర్చుని మెల్లిగా అడిగిందా? ఫిన్నిష్ రాదని బెంగపడకు. మాట తెలియనప్పుడే ముఖాలు బాగా కనిపిస్తాయి. పిల్లలు పేరుపెట్టి పిలుస్తున్నారని కూడా చిన్నబుచ్చుకోకు, అక్కడ టీచర్లందర్నీ అలాగే పిలుస్తారు.

చూసింది చూసినట్టు రాయి. నీకు ఇది గట్టిగా చెప్పాలి. మన బీఎడ్‌లో బడిలో ఇరవై వారాల ఇంటర్న్‌షిప్ అని నియమం పెట్టుకున్నాం. అందులో ఎంత భాగం కాగితం మీదే గడిచిపోతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని, తేదీ మార్చి, క్లాసు మార్చి, అట్ట వేసి ఇచ్చేస్తారు. ఆ రికార్డుల్లో పాఠాలన్నీ అద్భుతంగానే జరిగి ఉంటాయి! నీ నోట్‌బుక్కులో మాత్రం పాఠం బెడిసికొట్టిన రోజు బెడిసికొట్టిందనే ఉండాలి. మార్కులు పోతే పోనీ.

ఇంకో సంగతి. ఫ్యామిలీ గ్రూపులో నువ్వు పెట్టిన ఫొటో వెంటనే తీసెయ్. మేజోళ్లతో క్లాసులో తిరుగుతున్న ఆ బుజ్జిపిల్లల్ని చూసి ఇక్కడ అందరూ తెగ మురిసిపోయారు. వాళ్ల అమ్మానాన్నల్ని అడిగావా? మన సర్కారు బడులకు ఎవరో పెద్దమనుషులొచ్చి, మధ్యాహ్న భోజనం పళ్లేలతో పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు దిగుతుంటే నాకు ఎంత ఒళ్లు మండేదో నీకు చెప్పాను కదా. ఆ పనే మన ఇంటిపిల్ల చేస్తే బాగుంటుందా?

భోజనమంటే గుర్తొచ్చింది. అక్కడ బడిపిల్లలందరికీ 1948 నుంచి ఉచితంగా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు, డాక్టరు కొడుక్కీ బస్సు డ్రైవరు కూతురికీ ఒకటే వంట. నువ్వూ ఆ బల్లల దగ్గరే కూర్చుని నీకు పనికొచ్చేవి తిను. ఆవకాయ సీసా గదిలోనే ఉండనీ, రాత్రికి ఎంత కావాలంటే అంత కలుపుకో.

తిరిగొచ్చాక రెండు రకాల మనుషులు నీ మీద పడతారు. “అబ్బో, ఫిన్లాండ్!” అనేవాళ్లు ఒకరు, “మన గురుకులాల ముందు అదెంత” అనేవాళ్లు ఇంకొకరు. ఇద్దరికీ తలూపకు. ఆ దేశం జనాభా మొత్తం కలిపినా మన హైదరాబాద్ నగరమంత ఉండదు, అక్కడి పద్ధతిని దించుకొచ్చి ఇక్కడ పెట్టలేం. అలాగని ప్రతిదానికీ జనాభాను అడ్డుపెట్టుకోవడమూ తప్పే. ముప్పావుగంట పాఠం, ఆపైన పావుగంట ఆరుబయట ఆట, దానికి పైసా ఖర్చు లేదు. పదో తరగతి పిల్లల్ని అలా వదిలితే తల్లిదండ్రులే గొడవకొస్తారనుకో. వాళ్లకు నచ్చజెప్పడమూ టీచరు పనే.

రేపు నీకు క్లాసు ఇచ్చినప్పుడు తాజ్‌మహల్, బతుకమ్మ స్లైడ్లు పట్టుకుని బయల్దేరకు. వాళ్లడిగితే సంతోషంగా చెప్పు. ఆ రోజు వాళ్ల ఇంగ్లీషు పుస్తకంలో ఏ పాఠం ఉందో అదే చెప్పు. ఎలా జరిగిందో నాకు రాయి. బాగా జరగకపోతే మరింత వివరంగా రాయి.

ఆశీస్సులతో,
మీ అత్త