అమ్మవారు వచ్చిన ఒంట్లో పరాయివాళ్లెవరు?

అరకు లోయలోనైనా, ఘాటు దిగాక వచ్చే శృంగవరపుకోటలోనైనా పిల్లాడి ఒంటి మీద పొక్కులు లేస్తే పెద్దవాళ్లు జబ్బు చేసిందనరు, అమ్మవారు వచ్చిందంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు. ఇంట్లో తాలింపు వేయరు, గట్టిగా కేకలేసుకోరు. పొక్కులు మాడాక వేపాకు, పసుపు కలిపిన నీళ్లు పోసి ఆమెను సాగనంపుతారు. ఒంట్లోకి వచ్చినది శత్రువు కాదు, కోపంలో ఉన్న తల్లి. చదువుకున్నవాళ్లు దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. కానీ దీని అడుగున ఒక గట్టి ప్రశ్న ఉంది. ఒంట్లో ఏది మనది, ఏది పరాయిది? ఆ తేడా తేల్చేదెవరు?

1840ల ప్రాంతంలో తూర్పు కనుమల కోందు గిరిజనుల మధ్య పనిచేసిన బ్రిటిష్ అధికారి మేక్‌ఫర్సన్ వాళ్ల నమ్మకాలను రాసిపెట్టాడు. రైతు విత్తనాలు చల్లినట్టు జూగా పెన్ను అనే దేవత మనుషుల మీద మశూచి చల్లుతుందట. ఒక ఊళ్లో ఆమె దిగిందంటే దున్నలను, పందులను బలిచ్చి మొక్కేవారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లేమో దారులకు ముళ్లకంపలు అడ్డం వేసి గుంటలు తవ్వేవారు. దేవతే, మొక్కవలసిందే, అయినా పొలిమేర దాటనివ్వకూడదు! భక్తికీ కంచెకీ మధ్య వాళ్లకు తగువేమీ కనిపించలేదు.

ఒంటికి ఆ ముళ్లకంప చర్మం. రక్తంలో తిరిగే యాంటీబాడీలు కంచె దగ్గర కాపలాదార్లు. వైరస్ కంచె దాటి ఒక కణంలోపల నక్కిందంటే యాంటీబాడీ చెయ్యి అక్కడిదాకా అందదు. అప్పుడు టి కణాలు రావాలి. చిక్కల్లా ఏమిటంటే, టి కణానికి విడిగా తిరిగే వైరస్ కనిపించదు. ఎవరో ఒకరు తెచ్చి చూపించాలి.

ఆ తెచ్చి చూపించేది డెండ్రైటిక్ కణం. 1973లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ దీన్ని ఎలుక ప్లీహంలో గుర్తించారు. చర్మంలో, ఊపిరితిత్తుల్లో కొమ్మలు చాచుకుని ఉండే ఈ కణం వైరస్‌ను మింగి, ముక్కలు చేసి, లింఫ్ గ్రంథికి బయలుదేరుతుంది. సూది వేయించుకున్నాక చంకలో బిళ్ళ కట్టిందంటారే, ఆ బిళ్ళే ఈ రెండు కణాలూ కలుసుకునే చోటు. డెండ్రైటిక్ కణం అక్కడ వైరస్ ముక్కను తన సొంత ప్రొటీన్ మీద పెట్టి చూపిస్తుంది. 1974లో కాన్‌బెరాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ ఎలుకల మీద తేల్చింది ఇదే: టి కణం పరాయి ముక్కను ఒక్కదాన్నే గుర్తుపట్టదు, అది తనవాళ్ల చేతిలో ఉంటేనే గుర్తుపడుతుంది. దీనికి 1996లో నోబెల్ వచ్చింది.

తత్త్వం చదివినవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి. మనది తెలియనిదే పరాయిది తెలియదు. ఛాతీ ఎముక వెనకున్న థైమస్ గ్రంథిలో టి కణాలకు ముందు మనదాన్ని గుర్తుపట్టే పరీక్ష జరుగుతుంది. సొంతవాళ్లను అసలే గుర్తుపట్టనివీ, సొంతవాళ్ల మీద విరుచుకుపడేవీ అక్కడే చస్తాయి. నూటికి తొంభై అయిదుకు పైగా గ్రంథి దాటి బయటికి రావు. నెగ్గి వచ్చిన కణం చంపేది కూడా వైరస్‌ను కాదు, వైరస్ సోకిన మన కణాన్నే. పాఠ్యపుస్తకాలు దీన్ని యుద్ధమంటాయి కానీ, ఆ మాట పూర్తిగా అతకదు. ఊరి కోసం ఇంట్లోదాన్నే ఇచ్చుకోవడాన్ని మన్యంలో బలి అంటారు. ఈ పనికి ఆ మాటే దగ్గర.

టి కణాలను టీకాతో ఎలా కదిలిస్తారో చెప్పడానికి తెలుగు నేల మీద ఉదాహరణ కోవిడ్ టీకా కోవాగ్జిన్. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థతో కలిసి చేసిన ఈ టీకాలో ఉన్నది చంపిన వైరస్. చంపిన వైరస్ ఒక్కటే యాంటీబాడీలు పుట్టిస్తుంది కానీ టి కణాలను అంతగా కదిలించలేదు. అందుకే అల్యూమినియం హైడ్రాక్సైడ్‌తోపాటు, టీఎల్‌ఆర్ 7, 8 అనే గ్రాహకాలను తట్టి లేపే మందును జతచేశారు. డెండ్రైటిక్ కణాన్ని ఉలిక్కిపడేలా చేసేది అదే.

టీకా వేయిస్తే అమ్మవారికి కోపమొస్తుందని జంకేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు చెప్పవలసిన సంగతొకటి ఉంది. టీకాలు రాకముందే బెంగాల్లో మశూచి చీము తీసి ఆరోగ్యవంతులకు అంటించేవాళ్లుండేవారు. ఆ పని చేస్తూనే వాళ్లు మశూచి దేవతకు పూజ చేసేవారని 1767లో బ్రిటిష్ వైద్యుడు హోల్‌వెల్ రాశాడు. పూజ పూజే, సూది సూదే. తల్లిని గౌరవంగా సాగనంపే ఒక పద్ధతిగానే వాళ్లు దాన్ని చూసి ఉండాలి.

తట్టు విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. మీజిల్స్ వైరస్ డెండ్రైటిక్ కణాల్లోకీ, పాత జబ్బులను గుర్తుంచుకున్న కణాల్లోకీ జొరబడుతుంది. 2019లో వెలువడిన పరిశోధనలో, టీకా వేయించుకోకుండా తట్టు వచ్చిన పిల్లల్లో అంతకుముందున్న యాంటీబాడీ రకాల్లో 11 నుంచి 73 శాతం దాకా చెరిగిపోయాయని తేలింది. పొక్కులు మాడినా ఒళ్లు పాత పాఠాలు మరిచిపోతుందన్నమాట. వేపమండలు కట్టుకోండి, అమ్మవారికి మొక్కుకోండి. బిడ్డకు 9 నెలలు నిండగానే తట్టు టీకా ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది మాత్రం వేయించండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో రెండూ ఉచితమే.