గడీ ఎవరిది?

స్కాట్లండులో లెయిర్డులనే భూస్వాములు కట్టుకున్న రాతి బురుజు ఇళ్లలో ఎన్నో నేడు కప్పులేని మొండిగోడలే. వాటి చరిత్ర కూడా సాధారణంగా యజమానుల వంశావళిగానే, అంటే ఎవరు కట్టించారు, ఏ పెళ్లితో ఏ ఇంటికి చేరింది, ఏ అప్పుకు చేయి దాటింది అన్న వరుసలోనే సాగుతుంది. తెలంగాణలోని జనగామ చుట్టుపక్కల పాడుబడిన గడీలకూ అలాంటి చరిత్ర రాయవచ్చు గాని, అది సగం చరిత్ర కూడా కాదు.

గడీ అంటే దేశ్‌ముఖు లేదా దొర నివాసమూ, కచేరీ, ధాన్యపు కొట్లూ, శిక్షాస్థలమూ ఒకే ప్రహరీలో ఇమిడిన కోటలాంటి ఇల్లు. దాని పెద్ద దర్వాజ రెక్కలోనే మనిషి వంగి దూరవలసిన చిన్న తలుపు, అంటే దిడ్డి, ఉంటుంది. శత్రువులు ఒక్కుమ్మడిగా చొరబడకుండా చేసిన ఏర్పాటని దానికి చెప్పే కారణం సబబే. కాని రోజూ అలాంటి వాకిళ్లలో నడుము వంచినవారు శత్రువులు కారు, నీళ్లు మోసేవారు, బట్టలుతికేవారు, కుండలు తెచ్చేవారు, అంటే కులాన్ని బట్టి కూలి లేకుండా చేయవలసిన వెట్టికి కట్టుబడినవారు. ఆ వంగడం ఏ వాస్తుగ్రంథంలోనూ లెక్కకు రాదు.

హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్ పన్ను వసూలును దేశ్‌ముఖుల నుంచి తప్పించి, బదులుగా రుసుం అనే భృతి ఏర్పరచినా భూమి వారి చేతిలోనే పేరుకుపోయింది. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డికి 40,000 ఎకరాలుండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అంత భూమి ఉన్నవాడికి పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సాగుచేసుకునే కొద్దిపాటి చెలక మీద కన్ను పడడాన్ని ఆశ అనడం చాలదు. ఎదురుచెప్పే మనిషి ఒక్కరున్నా గడీ గోడకు బీట పడుతుందన్న భయం అందులో ఉంది. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖు తల్లి గడీ దగ్గర గ్రామస్థుల ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమురయ్య మరణించాడు. ఆ తరువాత తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ముదిరాక దొరలెందరో పట్నానికి తరలిపోయి, 1948 సెప్టెంబరులో భారత సైన్యం జరిపిన పోలీసు చర్య తరువాత కొందరు ఊళ్లకు తిరిగి వెళ్లారు.

స్కాట్లండులో లెయిర్డుల వంశపారంపర్య న్యాయాధికారాలను చాలామటుకు 1747లో పార్లమెంటు చట్టం తొలగించింది. ఇక్కడ ఆ పనికి ఊళ్లే పూనుకోవలసి వచ్చింది గనుక, గడీ శిథిలాన్ని కాలమహిమ అని నిట్టూర్చడం (పర్యాటక సాహిత్యానికి అది బాగా అలవాటు) చరిత్రకు అన్యాయమే. అలాగని నేలమట్టం చేయడమూ సరికాదు. సాక్ష్యాన్ని చెరిపేస్తే లాభపడేది నేరం చేసినవాడే.

వారసులు చొరవ తీసుకొని బాగుచేయించిన దోమకొండ కోటకు 2022లో యునెస్కో పురస్కారం దక్కింది. ఇటువంటి మరమ్మతు అంచనాలో రాయికి, డంగుసున్నానికి, మేస్త్రీ కూలికి వేరువేరు పద్దులుంటాయి. వెట్టితో లేచిన గోడల విషయంలో ఆ మూడో పద్దు మొదటిసారిగా ఇప్పుడే రాయవలసి వస్తుంది.