మునిగిన ఊరి మీద పిట్టలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పిట్టల్ని చూడ్డానికి తిరిగేవాళ్లు ఏడాదిలో ఒక్కసారైనా మిడ్ మానేరు కట్ట మీద తేలతారు. నేనూ అంతే. సుమారు 25 టీఎంసీల నీళ్లు, నీటికాకులు, చలికాలం బాతులు. ఆ నీళ్ల కింద కొదురుపాక ఉంది, చింతల్‌ఠాణా ఉంది, రుద్రవరం ఉంది. మా లిస్టులో చోటు పేరు దగ్గర రిజర్వాయర్ అనే ఉంటుంది.

పిట్టలకి భూసేకరణ తెలీదు, నిజమే. బైనాక్యులర్స్ పట్టుకున్నది పిట్ట కాదు కదా! ఇంకో వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. పాకాల కూడా మనుషులు కట్టిన చెరువే, 13వ శతాబ్దంలో, కాకతీయుల కాలంలో. అక్కడ పిట్టని చూసి ఎవరూ సిగ్గుపడరు. అంటే ఎనిమిది వందలేళ్లు గడిస్తే సంతోషానికి మైల పోతుందా? నాకైతే ఇది ఏళ్ల లెక్క కాదనిపిస్తుంది. మిడ్ మానేరు పూర్తిగా నిండింది 2019లో. ఇళ్లు పోయినవాళ్లు బతికే ఉన్నారు, పరిహారం కోసం ధర్నాలు చేశారు. బాకీ ఇంకా నడుస్తోంది.

పాలపిట్ట పొలం పిట్ట. తీగ మీద కూచుని నేల మీది పురుగు కోసం చూస్తుంది. పొలం మునిగాక దానికక్కడ పనిలేదు. వచ్చిన పిట్టల్ని రాసుకుంటాం, పోయినవాటికి గడి లేదు.

ఈ మధ్య నోట్స్‌లో ఊరి పేరు కూడా రాస్తున్నా. దాంతో ఎవరికీ ఇల్లు రాదు.