గృహస్థుని క్షయమాసము

పాలమూరు ప్రాంతపు ఉద్యోగి నొకనిని "ఎక్కడ ఉంటున్నారు?" అని యడిగినచో, అతడు ఊరిపేరు చెప్పుటకు ముందు క్షణకాలము తటపటాయించి, "అప్ అండ్ డౌన్ చేస్తున్న సార్" అని బదులు చెప్పుట నేను పలుమారులు వినియున్నాను. అడిగినది ఉనికిని గూర్చి. చెప్పినది రాకపోకలను గూర్చి. ప్రశ్నకును సమాధానమునకును పొత్తు కుదరకపోయినను, అడిగినవాడు గాని చెప్పినవాడు గాని ఆ లోపమును గుర్తింపక సంభాషణమును సాగించుచుండుట చూడగా, ఉండుట యనునది పోయివచ్చుటగా మారిపోయిన యొక స్థితి మన నడుమ నిశ్శబ్దముగా స్థిరపడినదని నాకు తోచును. శాస్త్రకారులు సన్న్యాసిని అనికేతుడనిరి. గృహస్థుని గృహమేధి యనిరి. ఈ యుద్యోగి యే కోవకు చెందును? ఇతడు ఇల్లు విడువలేదు. ఇంట నుండుటయు లేదు.

2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమి నాడు, పాలమూరనబడు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా విభజింపబడి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లా కేంద్రములైనవి. ఒకప్పుడు ఈ సీమకు పరస్థలముల నుండి వచ్చినవారు పండితకవులు. విద్వద్గద్వాలయందు శాస్త్రచర్చ జరిపి, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములను దర్శించి, వార్షికములు పుచ్చుకొని తిరిగిపోయెడివారు; వారికి అద్దె యింటి చింత లేదు. ఈసారి వచ్చినవారు కవులు కారు. 'ఆర్డర్ టు సర్వ్' అను కాగితము చేతబట్టుకొని వచ్చిన గుమాస్తాలు, ఇంజనీర్లు, రక్షకభటులు. కార్యాలయములకు బోర్డులు ఒక్కనాటిలో లేచినవి గాని యిండ్లు ఒక్కనాటిలో లేవవు గదా. పిదప 2021 డిసెంబరున, 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులను అనుసరించి వెలువడిన 317వ జీవో ఉద్యోగులను శాశ్వతముగా జిల్లాలకు కేటాయింపగా, భర్త యొక జిల్లాకు, భార్య యొక జిల్లాకు పోవలసివచ్చిన దంపతులు వీధికెక్కి మొరపెట్టుకొనిరి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులందు వైద్యకళాశాలలు తెరవబడినవి. 2024లో గద్వాలకును వచ్చినది. చిన్న పట్టణము పెద్దదగుచున్న కొలది కిరాయి ఇంటి వేట కఠినమగుచుండును.

ఇంటి అద్దె భత్యమును లెక్కించువారు మనుష్యుడు పనిచేయుచోటును చూతురే గాని పండుకొనుచోటును చూడరు. 2021 వేతన సవరణ ప్రకారము భాగ్యనగరమున మూలవేతనముపై నూటికి 24 వంతులు; చిన్న యూళ్లలో 11 వంతులు. నగరమున భార్యాబిడ్డలను ఉంచి పల్లెకు పోయి వచ్చువానికి అద్దె నగరపుది, భత్యము పల్లెది. దారి మాట చెప్పనక్కరలేదు. గద్వాలకు రైలు కలదు. వనపర్తి రోడ్డు అను పేరుగల స్టేషను వనపర్తికి చాల దూరమున కలదు. నాగర్‌కర్నూలుకు రైలే లేదు.

నా మిత్రుడొకడు మహబూబ్‌నగరమున సొంత యిల్లు కట్టుకొని, బ్యాంకు వాయిదాలు సగమైనను తీరకమునుపే నాగర్‌కర్నూలు కార్యాలయమునకు మార్పబడెను. ఇల్లు విడిచి అక్కడ కిరాయికి దిగినచో వాయిదాయు కిరాయియు రెండును మోయవలెను. తన యింటిని కిరాయికిచ్చినను వచ్చునది వాయిదాకు చాలదు. కావున అతడు బస్సు నాశ్రయించెను. ఇంటి గడప నుండి కార్యాలయపు గడపకు గంటన్నర, తిరిగివచ్చుటకు గంటన్నర. "నెలకు ఇంత మిగులుచున్నది" అని అతడు నాకు వేళ్లపై లెక్క చూపినప్పుడు, నేను ఆ వేళ్లతోనే మరియొక లెక్క చేసి చూపితిని. దినమునకు మూడు గంటలు, ఏడాదికి 240 పనిదినములు. మొత్తము 720 గంటలు. అనగా అహోరాత్రములు కలుపుకొని సరిగా ముప్పది దినములు, ఒక నిండు నెల.

మన పంచాంగకర్తలకు అధికమాసమే కాదు, క్షయమాసమును తెలియును. ఒక చాంద్రమాసమున రెండు సంక్రాంతులు పడినప్పుడు ఒక మాసము లెక్కనుండి జారిపోవును. అది మిక్కిలి అరుదు, మన పెద్దలు 1982-83లో చూచినారు. అట్టి మాసమున శుభకార్యములు చేయరు. అప్ అండ్ డౌన్ చేయు గృహస్థునకు మాత్రము ప్రతి సంవత్సరమును ఒక క్షయమాసము కలదు. అది ఏ పంచాంగమునను వ్రాయబడదు. నిత్యము మూడు గంటల చొప్పున చిల్లరగా జారిపోవును గనుక ఎవరికిని కానరాదు.

ఈ నెల యెవరిది? తన కాలమును తాను అమ్ముకొనినచో అడ్డగించు హక్కు పరులకు లేదని లౌకికులు అందురు. ఈ వాదము అవివాహితునకును అనాథకును చెల్లునేమో. గృహస్థాశ్రమమును గూర్చి చెప్పునపుడు మన స్మృతులు ఋణములను పేర్కొనినవి: దేవతలకు, ఋషులకు, పితరులకు, అతిథులకు, తుదకు గుమ్మముచెంత కాచుకొనియున్న కుక్కకును కాకికిని గృహస్థుడు అప్పుపడినవాడే. వీనిలో రొక్కముతో తీరునవి కొన్ని. తక్కినవి ఉండుట చేతనే తీరును. అతిథి వచ్చువేళకు ఇంట లేనివాడు ఎంత ధనికుడైనను అతిథిపూజ చేయజాలడు. అద్దె అనునది నేను సంపాదించినదాని నుండి ఇచ్చునట్టిది. దూరమునకు చెల్లించునది అట్లు కాదు. దానిలో పరుల భాగము కలసియున్నది. వారి నడుగకయే నేను చెల్లించుచున్నాను. అస్తేయవ్రతమును చెప్పిన ఋషులు ఇట్టి దొంగతనమును ఊహించిరో లేదో గాని, వారి నిర్వచనములో ఇదియు ఇముడునని నా నమ్మకము.

మరియొక విశేషము కలదు. ఈ ప్రయాణము హరించునది ఏవో కొన్ని గంటలను కాదు, సంధ్యలను. తూర్పు తెల్లవారువేళ ఉపాసనకును, పడమర ఎఱ్ఱబడువేళ దీపారాధనకును మన పెద్దలు నియమించిన రెండు సంధులును బస్సులోనే గడచును. బీచుపల్లి దాటునప్పుడు కిటికీనుండియే ఆంజనేయునకు చేతులు మోడ్చువారిని, పెదవుల కదలికతోనే చాలీసా ముగించువారిని నేను చూచినాను. ఆ భక్తిని తక్కువ చేయను. ఇస్లామునందును హనఫీ ధర్మవేత్తలు సుమారు 48 మైళ్లకు మించి పోవు బాటసారికి నాలుగు రకాతుల నమాజును రెండుగా తగ్గించుకొను విధి చెప్పిరి. అనగా దూరము మనుష్యుని నుండి కొంత హరించునని గ్రహించి, దైవము పక్షమున ముందే రాయితీ ప్రకటించిరి. దేవుడు రాయితీ ఇచ్చును. ఇంటిలోని ముసలితల్లి యిచ్చునా? నా మిత్రుని తల్లి యొకనాడు నా యెదుటనే అతనితో, "నీకు రోజు సద్ది గడుతున్న గని, నువ్వు తినంగ సూసి ఎన్నొద్దులాయె కొడుకా" అనెను. అతడు బస్సు వేళయైనదని లేచి వెడలెను.

ఇంతవరకు వ్రాసి, దగ్గరగా నుండుటయే ధర్మమని తీర్పు చెప్పబోయితిని. కాని పాలమూరు కూలీలు గుర్తుకు వచ్చి కలము ఆగినది. గుంపు మేస్త్రీ యొద్ద అడ్వాన్సు పుచ్చుకొని, దేశమునందలి యానకట్టలకు, కాలువలకు మన్ను మోయుటకై పోయిన ఆ కుటుంబములకు పనికిని గుడిసెకును నడుమ నూరడుగుల దూరమైనను ఉండెడిది కాదు. అద్దెయు లేదు, ప్రయాణమును లేదు. ఏడాదికి ఒక్కమారు పోకయు ఒక్కమారు రాకయు. సామీప్యమే గృహమైనచో వారికంటె గృహస్థు లెవరు? అయినను ముసలివారు ఊరిలో తాళమువేసిన యింటి అరుగుపై మిగిలిరి, పిల్లలు బడికి దూరముగా మట్టికుప్పలపై పెరిగిరి. కావున సమస్య మైళ్లలో లేదు.

అది యెచట నున్నదో నాకు జటప్రోలు చూపినది. శ్రీశైలము ఆనకట్ట వెనుక కృష్ణ పొంగి నిలిచినప్పుడు మనుష్యులతోపాటు దేవతలును ఇల్లు మారవలసి వచ్చినది. జటప్రోలు ఆలయములను రాయి రాయిగా విప్పి ఎగువ నేలపై మరల నిలిపిరి. కృష్ణా తుంగభద్రల సంగమమున నుండిన కూడవెల్లి సంగమేశ్వరుడు ఆలంపురమునకు వచ్చి జోగులాంబకు పొరుగువాడయ్యెను. దేవతకు ఇల్లు మార్చుటను గూర్చి ఆగమములు చెప్పిన పద్ధతి ఆలోచింపదగినది. మొదట కళాకర్షణము: బింబమునందలి కళను కలశములోనికి ఆవాహన చేయుదురు. కొత్త యాలయము సిద్ధమగువరకు దానిని బాలాలయమను చిన్న తాత్కాలిక మందిరమున నిలుపుదురు. అది తాత్కాలికమే కదా యని అచట ధూపదీపములు మానరు, నిత్యార్చన లోపింపదు. పిమ్మట పునఃప్రతిష్ఠ. ఈ క్రమమున కళ యేక్షణమునందును దారిలో దిక్కులేక నిలిచియుండదు. ఎప్పుడును ఏదో యొకచోట పూర్ణముగా నుండును.

కిరాయి ఇల్లు గృహస్థుని బాలాలయము. మన ఉద్యోగి చేయు పొరపాటు చిన్న యిల్లు తీసికొనుట కాదు, దూరమున నుండుటయు కాదు. సొంత యింటి నుండి కళను తీసి ఎచటను నిలుపకుండుట. వారమంతయు నాగర్‌కర్నూలు గదిలో చాపయు బకెట్టును తప్ప మరేమియు లేక, శనివారపు బస్సుకై ఎదురుచూచువాడును, నిత్యము బస్సులో కునుకుతీయువాడును ఒకే పొరపాటు చేయుచున్నారని నా అభిప్రాయము. రెండు గదుల యింటనైనను పొయ్యి వెలిగి, పొరుగువాని పేరు తెలిసి, వీధికుక్కకు ముద్ద పడినచో అది గృహమే.

నా మిత్రుడు తుదకు మనసు మార్చుకొని, మహబూబ్‌నగరపు ఇంటిని కిరాయికిచ్చి, నాగర్‌కర్నూలులో రెండు గదులు తీసికొనెను. నేను చూడబోయితిని. గోడకు మేకు కొట్టరాదని ఇంటి యజమాని షరతు పెట్టినందున, తల్లి తెచ్చుకొనిన దేవుని పటములు బియ్యపు డబ్బాపై గోడకు ఆనుకొని నిలిచియుండెను. ఆరు గంటలకు ఆమె దీపము వెలిగించుచుండగా మిత్రుడు ఇంటనే యుండుట చూచి, నా వాదము గెలిచినదని లోలోన కొంత గర్వించితిని గూడ.

"కోడలు కనబడదేమమ్మా?" అని యడిగితిని.

కోడలు మహబూబ్‌నగర్ చెంతనున్న పాఠశాలలో ఉపాధ్యాయిని. కుటుంబము ఇటు వచ్చినందున ఆమె యిప్పుడు అటు పోయి వచ్చుచున్నది. 2023 డిసెంబరు నుండి రాష్ట్రమున ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనది గనుక జీరో టికెట్టు. ఖర్చేమియు లేదని మిత్రుడు సంతోషముగా చెప్పెను. మాటాడుచుండగా చీకటి పడినది. ఆమె యింకను రాలేదు. తల్లి దీపము వత్తిని ఎగదోసి, మరునాటి సద్దికై గిన్నెను కడిగి బోర్లించెను.