పూటకూళ్లవాని వంతు



సొమ్ము పుచ్చుకొని చేయు సేవకును ప్రేమకును ఏమైన సంబంధము కలదా? ఈ ప్రశ్న నాకు సికింద్రాబాదులోని మారేడ్‌పల్లిలో కలిగినది.

నేను మా ఊరిలో మోటారు పంపులు బాగుచేయువాడను. విడి సామాను కొనుటకు రాణిగంజి బజారుకు వెళ్లి, ప్రొద్దుపోయినందున మారేడ్‌పల్లిలో ఒక లాడ్జిలో దిగితిని. అద్దె ముందే కట్టించుకొనిరి. గదిలో దుప్పటి మాసియుండెను. కుళాయిలో నీళ్లు లేవు. క్రిందికి వెళ్లి చెప్పగా, బల్లయొద్ద కూర్చున్న గుమాస్తా సెల్‌ఫోను మీదనుండి తల ఎత్తకయే, "వస్తయి, పోండి" అనెను. గంట గడిచినను రాలేదు. మరల దిగి అడిగితిని; అదే జవాబు. తుదకు పనివాడొకడు బకెట్టుతో నీళ్లు మోసికొని రాగా, నా కోపమంతయు వానిమీద కుమ్మరించితిని. వాడు మారు పలుకలేదు.

తెల్లవారిన పిమ్మట ఫిర్యాదు పుస్తకము అడిగితిని. యజమాని వచ్చి, "ఆ పోరని పేరు రాయండి సార్, ఇయ్యాలనే తీసేస్తా" అనెను. నా కలము ఆగిపోయెను. విచారింపగా, పంపు చెడి మూడు దినములైనదట. బాగుచేయించుమనినప్పుడెల్ల యజమాని "రేపు" అనుచుండెనట. ఆ మూడు దినములును మూడంతస్తులకు నీళ్లు మోసినవాడు ఆ పనివాడే.

"రేపు" అను మాట నన్ను పొడిచెను. మా ఊరి రైతొకడు తన మోటారు నా కొట్టులో దించి, బయానా యిచ్చి, నాలుగుసార్లు తిరిగెను. నాలుగుసార్లును నేను చేతిపనినుండి తల ఎత్తక, "రేపు రా మామా" అంటిని. ఈలోగా అతని మిరపతోట వాడిపోయెను.

తప్పును తప్పు అనకూడదని కాదు. సొమ్ము తీసికొని సరిగా చేయని సేవను 2019 వినియోగదారుల రక్షణ చట్టము సేవాలోపమని పిలుచుచున్నది. 1986 నాటి చట్టమునకు బదులుగా వచ్చిన దీని ప్రకారము, లోపము పట్టణములో జరిగినను, మనము కాపురమున్న జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. మనము చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించనియెడల రుసుము లేదు. 1915 నెంబరుకు ఫోను చేసి సలహా అడుగవచ్చును. పల్లెవారమని వెనుదీయనక్కరలేదు. అయితే తప్పు ఎవరిదో ఫిర్యాదు వారిమీదనే నిలువవలెను. బలవంతుడు చేసిన తప్పునకు బలహీనుని నోటికాడి కూడు తీయరాదు. నేను పంపు సంగతి వ్రాసి, యజమానినే బాధ్యునిగా చూపి, సంతకము చేసితిని. పనివానిని క్షమాపణ వేడితిని.

త్రోవలో బస్సులో కూర్చుండి లూకా 10వ అధ్యాయములోని మంచి సమరయుని తలంచుకొంటిని. గాయపడినవానిని అతడు పూటకూళ్ల యింటికి చేర్చి, మరునాడు రెండు దేనారములిచ్చి వెళ్లిపోయెను. అది ఆ కాలపు కూలివానికి రెండు దినముల కూలి. సమరయుని మనమందరము మెచ్చుకొందుము. పూటకూళ్లవానిని ఎవరును తలంపరు. డబ్బు పుచ్చుకొనెను గదా అందురు. కాని సమరయుడు కనుమరుగైన పిమ్మట ఆ రోగికి నీళ్లు అందించవలసిన చేయి ఎవరిది? ఆ పూటకూళ్లవాడు "రేపు" అనియుండినయెడల, సమరయుడు చేసిన మేలంతయు ఆ గడపయొద్దనే ఆగిపోయియుండును.

కాబట్టి కూలి తీసికొన్నంత మాత్రమున సేవ ప్రేమ కాకపోదు. సొమ్మిచ్చినవాడు చూడనప్పుడును నమ్మకముగా పనిచేయుటయే పనివాని ప్రేమ. సొమ్మిచ్చినవాడును ఒకటి జ్ఞాపకముంచుకొనవలెను: అతడు ఆ రాత్రికి గదిని అద్దెకు తీసికొనెను గాని మనుష్యుని కొనలేదు.

ఇల్లు చేరిన దినముననే రైతు మోటారు బాగుచేసి, బయానా తిరిగి యిచ్చితిని. ఎండిన తోట దానితో పచ్చబడలేదు.

ప్రియులారా, మన అంగడియొద్దను, మన మిల్లుయొద్దను, మన గుడి గుమ్మమునొద్దను నేడు నిలిచియున్నవాడెవడు? తల యెత్తి చూడుదము.