ఒరిజినలేనా?

సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాడు ముందు అడిగే మాట "ఇంజను ఒరిజినలేనా?" అని. ధవళేశ్వరంలో మా నాన్న షెడ్డు ముందు కూచుని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగిన మాట అది. ఇంకోచోట కూడా విన్నాను. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకాడు. నాన్న వెల్డింగు నేర్చుకున్నాడు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పెళ్లికెళితే మమ్మల్ని "అసలు మీరు ముసల్మానులేనా?" అన్నట్టు చూసేవాళ్లు. బజార్లో మాత్రం మేం నికార్సయిన సాయిబులం. ఇండియా పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ ఉన్నరోజు మరీను. అటువాళ్లదీ ఇటువాళ్లదీ ఒకటే ప్రశ్న: ఒరిజినలేనా?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పి తీరాలా, చెప్పకుండా దాటేస్తే అది అబద్ధమవుతుందా అని చాలా ఏళ్లు కొట్టుకులాడాను. నాన్న చేసిన ఒక రిపేరు నాకు కొంత దారి చూపించింది.

అది 1999. ఒక ఆసామి జెన్ కారుని లాక్కొచ్చి మా షెడ్డు ముందు పడేశాడు. ఆయిలు చూసుకోకుండా తోలాడు. బేరింగు పట్టేసి, కనెక్టింగ్ రాడ్డు విరిగి, బ్లాకుని పొడుచుకుని బయటికొచ్చింది. అరచెయ్యంత కన్నం. ఆ బ్లాకు పోత ఇనుము కాదు, అల్యూమినియం. కొత్తది వెయ్యాలంటే బోలెడు ఖర్చు. పైగా ఇంజను నంబరు గుద్ది ఉండేది బ్లాకు మీదే. బ్లాకు మారిస్తే నంబరు మారుతుంది, కాగితాలు పట్టుకుని ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. అందుకని "ఎలాగోలా అతికెయ్ సాయిబూ" అన్నాడు.

ఇనుము కాలితే ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం చెప్పదు. 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ చివరిదాకా రంగు మారదు. చూస్తుండగానే జారి కిందపడుతుంది. గాలి తగిలితే చాలు, దాని ఒంటిమీద సన్నటి ఆక్సైడు పొర కడుతుంది. ఆ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. అంటే లోపల లోహం నీళ్లైపోయినా పైన తోలు అలాగే నిలబడి ఉంటుంది. ఆ తోలు తియ్యకుండా వేసిన అతుకు అంటదు. దానికే ఆర్గాన్ వెల్డింగు. ఏసీ కరెంటు ఆర్క్ ఆ పొరని చీలుస్తుంది, ఆర్గాన్ మళ్లీ గాలి తగలకుండా కాస్తుంది. ఆ మిషను కొనడానికి నాన్న చేసిన అప్పు అప్పటికింకా తీరలేదు.

నాన్న ముందు వెల్డింగు జోలికే పోలేదు. బ్లాకు విప్పి, కడిగి, కన్నం చుట్టూ కిరసనాయిలు పూశాడు. కాసేపుంచి తుడిచి, పైన సుద్ద రాశాడు. కాసేపటికి తెల్లటి సుద్దమీద తడిగీతలు తేలాయి. కంటికి కనపడింది ఒక కన్నమే, సుద్దమీద తేలిన పగుళ్లు మూడు. వాటిలో ఒకటి బేరింగు కూచునే చోటు వైపుకి పాకింది. ప్రతి పగులు చివరా సన్నటి బెజ్జం వేశాడు. పగులు ఇంక ముందుకి పాకకుండా ఆపేది ఆ బెజ్జమే. "బాగున్న చోట బెజ్జమేంటి నాన్నా?" అంటే, "ఎక్కడిదాకా పగిలిందో ఒప్పుకోకపోతే అతుకు పక్కనుంచి మళ్లీ పగులుద్ది" అన్నాడు.

పోత అల్యూమినియం ఏళ్ల తరబడి ఆయిలు తాగి ఉంటుంది. వేడి చేస్తే అది చెమటలా బయటికొస్తుంది. కాచడం, కడగడం, మళ్లీ కాచడం, దానికే ఒక రోజు పట్టింది. రెండోరోజు బ్లాకంతా నూటయాభై, రెండొందల డిగ్రీల దాకా కాచి, కన్నానికి సరిపడా పలక కోసి, సిలికాన్ కలిసిన రాడ్డుతో కొంచెం కొంచెంగా అతికాడు. తర్వాత వేడి బూడిదలో కప్పెట్టాడు. తొందరగా చల్లారితే అతుకు పక్కనే కొత్త పగులు పుడుతుంది. మూడోరోజు లేత్ షాపులో బోర్లు గుండ్రం తప్పాయేమో కొలిపించి, పై ఫేసు సాపు చేయించాడు. ఇంజను స్టార్టయింది.

అప్పుడు ఆసామి అసలు మాట చెప్పాడు. "అతుకు కనపడకుండా పుట్టీ పెట్టి రంగు కొట్టెయ్. వచ్చేవారం బండి అమ్మేస్తన్నాను."

"రంగెయ్యనండి" అన్నాడు నాన్న.

"అతుకు బండి ఎవడు కొంటాడయ్యా?"

"మన ఆనకట్టకి అతుకుల్లేవాండి? ఆ నీళ్లే కదండీ మీ చేను తాగింది."

నాన్న మాటలో అబద్ధం లేదు. 1847లో కాటన్ మొదలెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయలకి అడ్డంగా కట్టారు. 1862–67 మధ్య దాన్ని పెంచారు. తర్వాత తలుపులు బిగించారు. చివరికి దానికి ఓపిక లేదని 1970లో కొత్త బ్యారేజీ మొదలెట్టి 1982కి పూర్తిచేశారు. 175 గేట్లతో కట్టిందంతా కొత్తదే. అయినా పేరు కాటన్ దొరదే. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆయన్ని గోదావరివాళ్లు తమవాడే అంటారు, గుర్రమ్మీది విగ్రహానికి దండలేస్తారు. నాకూ ఇష్టమే, ఆ నీళ్లు మేమూ తాగాం. కాకపోతే నాదో సందేహం. ఈ నేలకి పనిచేసిన పరాయి దొరని "ఒరిజినలేనా" అని ఎవరూ అడగనప్పుడు, ఈ నేలమీదే పుట్టి ఊరందరి పరుపులకీ దూది ఏకిన మా తాతని ఎందుకు అడిగారు?

కారు కొనడానికి ఒక బడిపంతులు గారొచ్చి, షెడ్డుకొచ్చి నాన్ననే అడిగారు. "నంబరు ఒరిజినలేనండి. బ్లాకు పగిలింది, నేనే అతికాను. ఇదిగోనండి అతుకు" అని వేలుపెట్టి చూపించాడు. బేరం పోయింది. ఆసామి మళ్లీ మా షెడ్డుకి రాలేదు, తనవాళ్లనీ రానివ్వలేదు. ఆ నెల అప్పు కిస్తీ కట్టలేకపోయాం. అమ్మ సణిగితే నాన్న ఒక్క మాటే అన్నాడు: "ఐబు దాచి అమ్మితే బర్కత్ ఉండదు." సరుకులో లోపముంటే కొనేవాడికి చెప్పాలని ప్రవక్త చెప్పినట్టు నాన్న మసీదులో విన్నాడు. ఆయనకి తెలిసిన ధర్మశాస్త్రం అంతే.

రెండేళ్ల తర్వాత నాకు రాజమండ్రిలో ఉద్యోగమొచ్చింది. ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మస్తాన్, నాగూర్ లాంటి పేర్లు హిందువులు కూడా పెట్టుకుంటారు. నాదీ అలాంటి పేరే. ఇంటావిడ "మీరేమిట్లు బాబూ?" అని కులం అడిగింది. "బీసీలమండి" అన్నాను. అబద్ధం కాదు, దూదేకులవాళ్లు బీసీ-బి. ఆ నిజాన్నే రంగులా వాడుకున్నాను. ఇల్లిచ్చింది. రంజాన్ నెలలో అమ్మ వచ్చినప్పుడు, నమాజుకి లేస్తే కిటికీలు మూసింది నేనే. అమ్మ నావైపు చూసింది గానీ ఏమీ అనలేదు.

రెండేళ్లు గడిచాక నాన్న వచ్చాడు. ఇంటావిడ ఆయన్నీ అదే ప్రశ్న అడిగింది. "సాయిబులమమ్మా, దూదేకులవాళ్లం" అన్నాడు. ఆవిడ నన్ను పిలిచి "ముందే చెప్పొచ్చు కదా బాబూ" అంది. నెలరోజుల్లో ఖాళీ చెయ్యమంది. "నువ్వు సాయిబువని కాదు, దాచావని" అంది.

ఆ మాట నన్ను చాలాకాలం తిన్నది. ఆవిడ చెప్పింది నిజమే కావచ్చు. మొదటిరోజే చెప్పుంటే ఇల్లిచ్చేదా? ఇచ్చేదేమో. ఆ సంగతి ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. తెలుసుకునే అవకాశాన్ని చెడగొట్టింది మాత్రం నేనే. నాన్న పైసాకి గడవని రోజుల్లో అల్యూమినియం అతుకుని దాచనన్నాడు. ఆయన కొడుకుని, నేను ఏకంగా ఇంటి పేరే దాచాను. మా ఇద్దరిలో నేను ఆ ఆసామికే దగ్గరివాణ్నా?

సామాన్లు సర్దుతూ నాన్నతో ఇదే అన్నాను. ఆయన కాసేపాగి, "ఐబైతే చెప్పి తీరాలిరా. నువ్వు ఐబు కానిదాన్ని ఐబల్లే దాచావు. అదీ తప్పు" అన్నాడు.

ఇన్నేళ్ల తర్వాత ఆ మాటని నేను ఇలా విప్పుకుంటున్నాను. పగిలిన బ్లాకుని దాచితే కొనేవాడు నష్టపోతాడు, రేపు నడిరోడ్డుమీద ఆగిపోతాడు. అందుకే అడిగే హక్కు వాడిది, చెప్పే బాధ్యత మనది. నేను ముస్లింనైతే ఇంటావిడకి వచ్చే నష్టమేంటి? అద్దె తగ్గదు, గోడ కూలదు. అక్కడ అడిగే హక్కు లేదు, కాబట్టి చెప్పాల్సిన బాకీ కూడా లేదు. ఆవిడకి నేను బాకీ లేను, అమ్మకి బాకీ ఉన్నాను. ఆ కిటికీలు మూసిన క్షణాన, ముస్లిం కావడం ఒక పగులని నేనూ ఒప్పుకున్నాను. నష్టం అక్కడ జరిగింది.

మరి పగుళ్లే లేవా? ఉన్నాయి. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలాక సెక్యులర్ మిత్రులు చాలామంది మా భుజాలమీద చేతులేశారు. ఆ చేతుల వెచ్చదనం మర్చిపోలేదు. కానీ "అదంతా మర్చిపోదాం, మనమంతా ఒకటే" అని వెంటనే పుట్టీ డబ్బా తీసినవాళ్లూ ఉన్నారు. సుద్ద రాసి చూడకుండా ఒకటెలా అవుతాం? పగులు ఎక్కడిదాకా పోయిందో, అద్దె ఇంటిదాకానా, బడి బల్లదాకానా, ముందు చూడాలి. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మావాళ్లు తాతల కాగితాల కోసం ట్రంకుపెట్టెలు వెతికారు. పగులు అక్కడిదాకా పాకింది. పైన రంగేస్తే ఆగేది కాదు.

సుద్ద మా ఇంట్లో కూడా రాయాలి. దూదేకులవాడి పిల్లని చేసుకోమనే సయ్యదు గారి ఇంట్లోనూ, మా ఇళ్లలో ఆడపిల్ల చదువు దగ్గరా తడిగీతలు తేలతాయి. లోపల తాగిన పాత ఆయిలు మాదీ ఉంది. అది చెమటపట్టి బయటికి రావాలంటే వేడి తప్పదు. ఇలాంటి వ్యాసాలు చదివి ఇంట్లోవాళ్లు కొందరు కోప్పడతారు, బయటివాళ్లు కొందరు నొచ్చుకుంటారు. ఆ వేడి ఉండాల్సిందే, బూడిదలో పెట్టి నెమ్మదిగా చల్లార్చే ఓపికా ఉండాల్సిందే.

నాన్న పోయాడు, షెడ్డు లేదు. ఆ కారు మాత్రం అమ్ముడుపోయిందని తర్వాత తెలిసింది. కొన్నది ఆ పంతులు గారే. పదిహేను రోజులు ఆలోచించి, ధర తగ్గించుకుని కొన్నారట. చూపించిన అతుకుని నమ్మొచ్చు అన్నారట. చాలా ఏళ్లు సర్వీసుకి మా షెడ్డుకే తెచ్చేవారు. బానెట్ ఎత్తినప్పుడల్లా ఆ అతుకు, దాని పైన చెక్కుచెదరని నంబరు, రెండూ కనపడేవి.

ఇప్పుడు కొత్త ఊళ్లో ఇల్లు వెతుక్కునేటప్పుడు అడక్కముందే చెబుతున్నాను. రెండుచోట్ల ఇల్లివ్వలేదు. మూడోచోట ఇచ్చారు. కిటికీలు తెరిచే ఉంటాయి.